పరికరానికే పరీక్ష: డీబగ్గర్లు, థ్రెడ్లు, చిక్కని దోషాలు

1986 ఏప్రిల్‌లో టెక్సస్ రాష్ట్రంలోని టైలర్ పట్టణంలో, ఒక కేన్సర్ చికిత్సాకేంద్రంలో, ఇద్దరు వ్యక్తులు కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఒకే పనిని పదేపదే చేశారు. ఒకరు ఆ కేంద్రంలోని భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ హేగర్. రెండవవారు థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రాన్ని రోజూ నడిపే ఆపరేటర్. వారు చేసిన పని చాలా చిన్నది. చికిత్స వివరాలు టైపు చేయడం. ఎలక్ట్రాన్ చికిత్స అని రాయవలసిన చోట ఎక్స్-రే అని రాయడం. కర్సరును పైకి జరిపి ఆ ఒక్క అక్షరాన్ని దిద్దడం. కిందికి వచ్చి యంత్రాన్ని నడపమని ఆజ్ఞ ఇవ్వడం. నిదానంగా చేసినంతసేపూ ఏమీ కాలేదు. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన వేగంతో చేసినప్పుడు మాత్రం తెరమీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అన్న మాట ప్రత్యక్షమైంది.

అదే మాట మార్చి 21న ఒక రోగికి చికిత్స చేస్తున్నప్పుడు కనిపించింది. ఆయనకు అందవలసిన మోతాదు 180 రాడ్లు. అందినది 16,500 నుంచి 25,000 రాడ్లు ఉండవచ్చునని తర్వాత లెక్కగట్టారు. తయారీసంస్థ ఇంజనీర్లు వచ్చి యంత్రాన్ని పరీక్షించారు, ఆ సందేశాన్ని మళ్ళీ రప్పించలేకపోయారు. రోగికి విద్యుత్ ఘాతం తగిలి ఉండవచ్చునన్న ఊహ కూడా నడిచింది. దోషమేదీ దొరకనందున ఏప్రిల్ 7న యంత్రం తిరిగి పనిలోకి వచ్చింది. ఏప్రిల్ 11న రెండవ రోగి బలయ్యాడు. ఇద్దరూ ఆ ఏడాదిలోనే మరణించారు.

దోషం ఎక్కడుందో తర్వాత తేలింది. యంత్రాన్ని నడిపే పీడీపీ-11 కంప్యూటరులో అనేక పనులు ఏకకాలంలో సాగుతున్నట్టుగా వంతులవారీగా నడిచేవి. ఒక పని కీబోర్డు మీద ఆపరేటర్ రాసిన వివరాలను అందుకునేది. మరొకటి ఆ వివరాలను బట్టి అయస్కాంతాలను సర్దేది. ఈ సర్దుబాటుకు సుమారు 8 సెకన్లు పట్టేది. ఆ 8 సెకన్లలోపు ఆపరేటర్ అక్షరాన్ని దిద్ది కిందికి వచ్చేస్తే, దిద్దిన సంగతి తెరకు తెలిసేది, యంత్రంలోని ఒక భాగానికి తెలిసేది, మరొక భాగానికి తెలిసేది కాదు. ఏ ఒక్క పనినీ విడిగా చూస్తే తప్పు కనబడదు. తప్పు రెండు పనుల మధ్య ఉన్న సందులో ఉంది.

ఆసుపత్రి వార్డులో ఇటువంటి సందు అందరికీ తెలిసినదే. ఒక నర్సు మందుల పట్టిక చూస్తుంది. ఉదయపు మోతాదు ఇచ్చినట్టు సంతకం లేదు. మందు తేవడానికి వెళుతుంది. ఆమె తిరిగి వచ్చి సంతకం పెట్టేలోగా రెండవ నర్సు అదే పట్టిక చూస్తుంది. సంతకం లేదు కనుక ఆమె కూడా మందు ఇస్తుంది. ఇద్దరూ నియమం ప్రకారమే నడిచారు. రోగికి మాత్రం రెండు మోతాదులు అందాయి. మర్నాడు విచారణాధికారి వచ్చి ఇద్దరినీ విడివిడిగా గమనిస్తే ఎవరిలోనూ దోషం కనిపించదు. ఆయన పక్కన నిలబడి ఉన్నందుకు వారిద్దరూ కాస్త నెమ్మదిగా, జాగ్రత్తగా నడుచుకుంటారు కూడా. కంప్యూటర్ రంగంలో దీన్ని ‘రేస్’ అంటారు. ఎవరు ముందు వస్తారన్న దానిమీద ఫలితం మారిపోయే పందెం అన్నమాట.

ఇటువంటి దోషాలను వెదకడానికి ఉన్న ప్రధాన సాధనం డీబగ్గర్. ఆ సాధనం కూడా మనుషులు రాసిన ప్రోగ్రామే, దానిలోనూ దోషాలుంటాయి. అందువల్ల దాన్నీ పరీక్షించాలి, అదీ ఎన్నడూ ఒకే తీరున నడవని ప్రోగ్రాముల మీద పెట్టి పరీక్షించాలి. ఈ చిక్కు ఎలా పుట్టింది, దాన్ని ఎదుర్కొన్నవారు ఏం చేశారు అన్నది సాఫ్ట్‌వేర్ చరిత్రలో అంతగా ఎవరూ చెప్పుకోని అధ్యాయం.

ఒంటిదారి రోజులు

1949లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌సాక్ యంత్రం నడవడం మొదలైన కొద్ది వారాలకే, దాని నిర్మాత మారిస్ విల్క్స్‌కు మెట్లెక్కుతూ ఉండగా ఒక సత్యం స్ఫురించిందట: ఇక మిగిలిన జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు తానే వెదుక్కోవడంతో గడవబోతున్నదని. రెండేళ్ళ తర్వాత, 1951లో, ఆయన సహచరుడు స్టాన్లీ గిల్ ఈ విషయం మీద ప్రచురించిన పత్రం శీర్షికలో ‘రోగనిర్ధారణ’కు వాడే ‘డయాగ్నసిస్’ అన్న మాటనే వాడాడు. ప్రోగ్రాములోని ఆదేశాలను ఒక్కొక్కటిగా నడిపిస్తూ, ఏది ఎప్పుడు నడిచిందో ముద్రిస్తూ పోయే మరొక ప్రోగ్రామును ఆయన వర్ణించాడు. నేటి డీబగ్గర్ల వంశవృక్షంలో ఇది తొలి కొమ్మల్లో ఒకటి.

పదేళ్ళ తర్వాత ఎం.ఐ.టి.లో టీఎక్స్-0 యంత్రానికి ‘ఫ్లిట్’, పీడీపీ-1కు ‘డీడీటీ’ అనే డీబగ్గర్లు వచ్చాయి. రెండూ పురుగుమందుల పేర్లే. ‘బగ్’ అంటే పురుగు కదా అని ఆ కుర్రవాళ్ళు వేసుకున్న హాస్యం. హాస్యానికేం గాని, వీటితో వచ్చిన మార్పు పెద్దది. ప్రోగ్రామును నడిమధ్యలో ఆపి, దాని కడుపులో ఏముందో చూసి, కావాలంటే మార్చి, మళ్ళీ నడిపించే సౌకర్యం తెర ముందు కూర్చున్న మనిషికి దక్కింది.

ఆపడం ఎలా సాధ్యం? ఈ ఉపాయం నాటికీ నేటికీ దాదాపు ఒక్కటే. ఎక్కడ ఆగాలో ఆ చోట ఉన్న ఆదేశాన్ని డీబగ్గర్ తీసి దాచిపెట్టి, దాని స్థానంలో ‘ఇక్కడ ఉచ్చు’ అనే ప్రత్యేక ఆదేశాన్ని ఉంచుతుంది. నేటి ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ ఉచ్చు ఒక్క బైటు పొడవు మాత్రమే. ప్రోగ్రాము వచ్చి దానిమీద కాలు వేయగానే ఆగుతుంది, పెత్తనం డీబగ్గర్ చేతికి వస్తుంది. దీన్నే బ్రేక్‌పాయింట్ అంటారు. తిరిగి కదలాలంటే ఉచ్చు తీసి, దాచిన ఆదేశాన్ని యథాస్థానంలో పెట్టి, ఒక్క అడుగు వేయించి, మళ్ళీ ఉచ్చు బిగించాలి. దారిలో నడిచేవాడు ఒక్కడే అయినంత కాలం ఈ ఏర్పాటుకు లోటు లేదు. అదే ప్రోగ్రాముకు అదే దత్తాంశం ఇస్తే అదే చోట ఆగుతుంది. డీబగ్గర్‌ను పరీక్షించడం కూడా అంతే సులువు. ఉచ్చు పెట్టిన చోట ఆగిందా లేదా?

ఈ నిశ్చింతకు రోజులు చెల్లబోతున్నాయని చాలా ముందే గుర్తించినవాడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. 1950ల చివర నెదర్లాండ్స్‌లో లూప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే సహచరులు ఎక్స్1 యంత్రానికి ‘ఇంటరప్ట్’ సౌకర్యం అమర్చాలనుకున్నారు. యంత్రం ఒక పనిలో ఉండగా బయటినుంచి పిలుపు వస్తే దాన్ని ఆపి మరొక పని చూసుకునే ఏర్పాటు అది. అందరూ సంతోషిస్తే డైక్‌స్ట్రా భయపడ్డాడు. పిలుపు ఏ క్షణంలో వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. కనుక ఒకసారి జరిగిన తప్పును మళ్ళీ జరిపించి చూపడం అసాధ్యం కావచ్చు. జరిగిన ప్రతి తప్పుకూ ప్రోగ్రామరే బాధ్యుడవుతాడు, నిరూపించుకునే మార్గం ఉండదు. ఆ భయమే ఆయనను ఒకే వనరును ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా చూసే పద్ధతుల వైపు నడిపించింది. 1965లో ఆ సమస్యకు పరిష్కారం ప్రచురించాడు. రైలు సిగ్నల్ పేరే పెట్టిన ‘సెమఫోర్’ కూడా ఆయన కల్పనే. థెరాక్-25లోని పనులు ఉమ్మడి మెమరీని తాకడంలో ఇటువంటి కాపలా ఏదీ లేదు. అప్పటికి డైక్‌స్ట్రా పత్రం వెలువడి ఇరవై ఏళ్ళు.

చూస్తే మారిపోయేవి

టైలర్ ప్రమాదాలకు ఒక ఏడాది ముందు, 1985లో, టాండెమ్ సంస్థలో పనిచేస్తున్న జిమ్ గ్రే కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న విషయం మీద ఒక నివేదిక రాశాడు. దోషాలను అందులో రెండు జాతులుగా విడదీశాడు. బోర్ పరమాణువులా స్థిరంగా, ఎప్పుడు చూసినా అక్కడే ఉండేవి ‘బోర్‌బగ్’లు. పరిశీలిస్తే మాయమయ్యేవి ‘హైజెన్‌బగ్’లు. మరుసటి ఏడాది జేసన్ గెయిట్ ఈ రెండవ జాతిని ప్రయోగపూర్వకంగా పరిశీలించి, ఏకకాలంలో నడిచే ప్రోగ్రాములలో కొలమానం అమర్చడం వల్ల కలిగే చిన్న ఆలస్యమే దోషాన్ని కప్పివేయగలదని చూపాడు. దీనికి ‘ప్రోబ్ ఎఫెక్ట్’ అని పేరు. వైద్యులకు ఇది కొత్త కాదు. తెల్లకోటు కనబడగానే రక్తపోటు పెరిగే రోగులున్నారు. ఇక్కడ తెల్లకోటు కనబడగానే జబ్బు తగ్గిపోతుంది, అంతే తేడా; నిజానికి ఇదే ఎక్కువ ప్రమాదం.

సరిగ్గా ఆ 1986లోనే రిచర్డ్ స్టాల్మన్ గ్నూ పథకంలో భాగంగా జీడీబీ అనే డీబగ్గర్‌ను రాశాడు. యూనిక్స్ ప్రపంచంలో నేటికీ అత్యధికంగా వాడుకలో ఉన్న డీబగ్గర్లలో అది ఒకటి. పుట్టినప్పుడు దానికి థ్రెడ్ల గొడవ లేదు. థ్రెడ్ అంటే పోగు. ఒకే ప్రోగ్రాములో, ఒకే మెమరీని పంచుకుంటూ, తమ తమ దారిన నడిచే అనేక పోగులు. యూనిక్స్ వ్యవస్థల్లో థ్రెడ్లకు ఉమ్మడి ప్రమాణం 1995లో గాని రాలేదు. లినక్స్‌కు గ్జావియే లెరువా రాసిన లినక్స్‌థ్రెడ్స్ దాదాపు అదే కాలంలో వచ్చింది. దానిలో ప్రతి థ్రెడ్డూ కర్నెల్ దృష్టిలో ఒక వేరే ప్రాసెస్. 2003 ప్రాంతంలో ఉల్రిక్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ రూపొందించిన ఎన్‌పీటీఎల్ దాని స్థానాన్ని ఆక్రమించింది. కింద పునాది మారిన ప్రతిసారీ పైన కూర్చున్న డీబగ్గర్ తనను తాను సర్దుకోవలసి వచ్చింది.

ఆ సర్దుబాటు ఎంత కష్టమో చూడటానికి పైన చెప్పుకున్న ఉచ్చునే తిరిగి తలచుకుంటే చాలు. పది థ్రెడ్లున్న ప్రోగ్రాములో ఒకటి ఉచ్చులో పడి ఆగింది. దాన్ని ముందుకు నడిపించడానికి ఉచ్చును క్షణకాలం తీయాలి. ఆ క్షణంలోనే మరొక థ్రెడ్ అదే దారిన వస్తే ఆగకుండా దాటిపోతుంది. డీబగ్గర్ వాడుతున్న మనిషి మాత్రం ఎవరూ దాటలేదనే నమ్ముతాడు. దీనికి తొలి విరుగుడు: ఒక థ్రెడ్ అడుగు వేస్తున్నంతసేపు మిగిలినవాటినన్నిటినీ కదలకుండా పట్టి ఉంచడం. కాని అందరినీ ఒకేసారి ఆపే మంత్రం లినక్స్‌లో లేదు. 1975 నాటి ఆరవ యూనిక్స్‌లో పుట్టిన ‘పీట్రేస్’ అనే ద్వారం గుండానే డీబగ్గర్ లోపలికి వెళ్ళాలి. ఒక్కొక్క థ్రెడ్డుకూ విడిగా ‘ఆగు’ అని కబురు పంపాలి. మొదటిది ఆగిన తర్వాత చివరిది ఆగేలోగా చివరిది ఎంతో దూరం వెళ్ళి ఉండవచ్చు, చనిపోయి ఉండవచ్చు, మరో నాలుగింటిని కని ఉండవచ్చు.

పోనీ ఒక్క థ్రెడ్డునే నడవనిచ్చి తక్కినవాటిని బంధించి ఉంచుదామా అంటే, జీడీబీలో అందుకూ ఒక ఆజ్ఞ ఉంది. అయితే నడిచే థ్రెడ్డుకు కావలసిన తాళం బంధింపబడిన థ్రెడ్ చేతిలో ఉంటే ఎవరూ కదలరు. 2009 అక్టోబరులో వెలువడిన జీడీబీ 7.0 మరొక మార్గం తెచ్చింది. అందులో ఒక థ్రెడ్ ఆగినా మిగిలినవి తమ పని చేసుకుపోతాయి. ఉచ్చును తీయనక్కరలేకుండా, దాచిన ఆదేశాన్ని మెమరీలో మరొక మూలకు కాపీ చేసి, ఆగిన థ్రెడ్డును అక్కడికి తీసుకుపోయి ఆ ఒక్క అడుగు వేయించి, తిరిగి తెచ్చి దారిలో నిలబెడతారు. అడుగు వేసినవాడికి తాను చోటు మారిన సంగతి తెలియకూడదు. ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో చెప్పనక్కరలేదు. ఇది ప్రతిసారీ సరిగ్గా జరుగుతున్నదని ఎవరు చెప్పాలి?

పరీక్షకుడికి పరీక్ష

డీబగ్గర్ మనిషితో సంభాషించే సాధనం. మనిషి ఒక ఆజ్ఞ టైపు చేస్తాడు, అది ఒక జవాబు ముద్రిస్తుంది. కనుక దాన్ని యాంత్రికంగా పరీక్షించాలంటే మనిషి స్థానంలో కూర్చుని టైపు చేసే, జవాబు చదివే మరొక ప్రోగ్రాము కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లిబ్స్ 1990లో ప్రకటించిన ‘ఎక్స్‌పెక్ట్’ ఆ పని చేస్తుంది. బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన టికిల్ భాష మీద దాన్ని కట్టాడు. లిబ్స్ తన పత్రానికి పెట్టిన శీర్షికలో అదుపులేని మూర్ఛలకు చికిత్స అన్న అర్థం వచ్చే చమత్కారం ఉంది. స్టాన్లీ గిల్ నుంచి ఈయన దాకా ఈ వృత్తివారికి వైద్యుల మాటల మీద మోజు ఎందుకో!

గ్నూ సాధనాలకు మద్దతునిచ్చే వ్యాపారంతో 1989లో మొదలైన సిగ్నస్ సంస్థలో, రాబ్ సవోయ్ ఎక్స్‌పెక్ట్‌ను ఆధారం చేసుకుని ‘డెజాగ్నూ’ అనే పరీక్షావ్యవస్థను నిర్మించాడు. జీడీబీ పరీక్షలన్నీ నేటికీ దానిమీదే నడుస్తాయి. ప్రతి పరీక్షకూ ఒక చిన్న ప్రోగ్రాము, దానితో పాటు ఒక స్క్రిప్టు ఉంటాయి. స్క్రిప్టు జీడీబీని లేపుతుంది, ఫలానా చోట ఉచ్చు పెట్టమంటుంది, నడిపించమంటుంది, వచ్చిన జవాబును తాను ఆశించిన నమూనాతో పోల్చి తీర్పు ఇస్తుంది. థ్రెడ్లకు సంబంధించిన పరీక్షలకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

ఈ చిన్న ప్రోగ్రాములు ఎవరికీ ఉపయోగపడే పని చేయవు. డీబగ్గర్‌ను ఇరకాటంలో పెట్టడమే వాటి పని. ఆసుపత్రులలో పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తున్నదా అని చూడటానికి, వేడికి సులభంగా చావని బాక్టీరియా బీజాలను కావాలని లోపల పెట్టి, తర్వాత బతికాయేమో చూస్తారు. ఇదీ అటువంటిదే. ఉదాహరణకు ఒక పరీక్షలోని ప్రోగ్రాము అల్పాయుష్కులైన థ్రెడ్లను ఎడతెరిపి లేకుండా కంటూ ఉంటుంది. పుట్టినవి పుట్టినట్టే పోతుంటాయి. అది అలా నడుస్తుండగా జీడీబీ వచ్చి దానికి తగులుకోవాలి, అందులోని ప్రతి థ్రెడ్డునూ పట్టుకోవాలి. జాబితా తీసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళేలోగా కొందరు గతించి ఉంటారు, జాబితాలో లేనివారు పుట్టి ఉంటారు. మళ్ళీ జాబితా తీయాలి. జీడీబీ రచయితలు దీనికి అవలంబించిన పద్ధతి జనాభా లెక్కలవారికి నచ్చుతుంది: వరుసగా రెండు మార్లు వీధి వీధీ తిరిగి, రెండు మార్లూ కొత్త ముఖం కనబడకపోతే లెక్క పూర్తయినట్టు. ఒక్కసారి కనబడకపోతే చాలదు.

డెజాగ్నూ తీర్పులు ‘పాస్’, ‘ఫెయిల్’ అని రెండే కావు. ఆపరేటింగ్ సిస్టమ్ లేదా కంపైలర్ లోపం వల్ల తప్పుతుందని ముందే తెలిసినది ‘ఎక్స్‌ఫెయిల్’. జీడీబీలోనే ఉన్న, నమోదైన దోషం వల్ల తప్పేది ‘కేఫెయిల్’. ఇంకా తేలనిది, పరీక్షించనిది, ఈ యంత్రానికి వర్తించనిది అంటూ మరికొన్ని ఉన్నాయి. ఈ విభజన వెనుక నిజాయితీ ఉంది, ఒక ప్రలోభమూ ఉంది. వైద్యంలో కారణం తెలియని జబ్బుకు ‘ఇడియోపథిక్’ అని పేరుపెట్టి సంతృప్తి పడినట్టు, అప్పుడప్పుడు తప్పే పరీక్షకు ఒక ముద్ర వేసి పక్కన పెట్టేయవచ్చు.

‘అప్పుడప్పుడు తప్పే’ అన్న దగ్గరే ఈ చరిత్రలోని అసలు ముడి ఉంది. వంద సార్లు నడిపితే తొంభైతొమ్మిది సార్లు పాస్, ఒకసారి ఫెయిల్. నేరం ఎవరిది? పరీక్షకై రాసిన ప్రోగ్రాములోనే రచయిత ఎరుగని రేస్ ఉండవచ్చు. డీబగ్గర్‌లో ఉండవచ్చు. కింద ఉన్న కర్నెల్‌లోనో థ్రెడ్ల లైబ్రరీలోనో ఉండవచ్చు. జీడీబీ పరీక్షలు కర్నెల్ దోషాలను బయటపెట్టిన సందర్భాలు లేకపోలేదు. నాలుగవ నిందితుడు తీర్పు చెప్పే స్క్రిప్టే.

ఈ నాలుగవవాడి సంగతి కొంచెం వివరంగా చూడాలి. జీడీబీ ముద్రించిన జవాబు స్క్రిప్టుకు ఒక్క ముద్దగా చేరదు. ఆ క్షణానికి ఎన్ని అక్షరాలు వచ్చాయో అన్నిటినే ఎక్స్‌పెక్ట్ చదివి నమూనాతో పోలుస్తుంది. ‘థ్రెడ్ 12 ఆగింది’ అన్న జవాబులో థ్రెడ్ అన్న మాట తర్వాతి అంకెలను పట్టుకోమని స్క్రిప్టు చెప్పిందనుకుందాం. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు వాక్యమంతా ఒక్కసారే వస్తుంది, అంకె 12 అని సరిగ్గా చిక్కుతుంది. యంత్రం మీద పనిభారం ఎక్కువగా ఉన్న రోజున ‘థ్రెడ్ 1’ దాకా వచ్చి, 2 దారిలో ఉండిపోతుంది. స్క్రిప్టుకు అదే చాలు. ఒకటవ థ్రెడ్ అని నమ్మి, మీదట అంతా ఒకటవ థ్రెడ్డునే ప్రశ్నిస్తుంది. జీడీబీ ఏ పాపమూ ఎరగదు. ఫెయిల్ ముద్ర మాత్రం దాని మీదే పడుతుంది. దీనికి వ్యతిరేకమైనదీ జరుగుతుంది. ముందటి ఆజ్ఞకు వచ్చిన జవాబు తోకను ఇప్పటి ఆజ్ఞకు జవాబుగా పొరబడితే, అక్కడినుంచి ప్రతి ప్రశ్నకూ వెనుకటి ప్రశ్న జవాబే చేరుతుంటుంది. వాటిలో కొన్నింటికి అర్హత లేని పాస్ దక్కుతుంది. రేస్ దోషాలను పట్టే సాధనాన్ని పరీక్షించే సాధనంలోనే రేస్ దోషం!

జీడీబీ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం నిరాడంబరమైనది. ఎక్స్‌పెక్ట్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య ఒక చిన్న లైబ్రరీని దూర్చారు. ఎక్స్‌పెక్ట్ ఎన్ని అక్షరాలు అడిగినా అది ఒక్కొక్క అక్షరమే అందిస్తుంది. ఎప్పుడో పనిభారం పెరిగిన రోజున కలిగే ఇబ్బందిని ప్రతిసారీ, ప్రతి అక్షరానికీ కలిగించడమన్నమాట. ‘చెక్-రీడ్1’ అనే ఆజ్ఞతో ఇది నడుస్తుంది. ముక్కలుగా వచ్చే జవాబును తొందరపడి చదివేసే స్క్రిప్టులు దీని కింద నిలబడలేవు. యాదృచ్ఛికాన్ని నిశ్చయంగా మార్చడం ఈ రంగంలో అరుదుగా దొరికే అదృష్టం. టైలర్‌లో హేగర్, ఆ ఆపరేటర్ కలిసి సాధించినది కూడా అదే.

రెండవ ఉపాయం ‘చెక్-రేసీ’. ఒకే పరీక్షను అనేకసార్లు నడిపి, తీర్పు మారినవాటిని వేరుచేసి చూపుతుంది. మామూలుగా 3 సార్లు నడుపుతుంది. కావాలంటే ఎక్కువసార్లు నడపమనవచ్చు. మూడు చాలునా? నూటికి ఒకసారి కనబడే దోషం మూడు ప్రయత్నాల్లో కనబడకుండా పోయే అవకాశం 97 శాతం. 1983లో హ్యాన్లీ, లిప్‌మన్-హ్యాండ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికన్ వైద్యసంఘం పత్రికలో ఇటువంటి ప్రశ్నకే ఒక సులభసూత్రం ఇచ్చారు. ఒక చికిత్సను ఇంతమందికి ఇచ్చినా ఏ హానీ కనబడలేదంటే, హాని లేనట్టేనా? లేదు. మూడును ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేంత హాని ఇంకా దాగి ఉండే వీలుంది. అంటే 300 సార్లు నిరపాయంగా నడిచిన తర్వాతే, నూటికి ఒకటి కంటే తక్కువ అని తగినంత నమ్మకంతో అనగలం. రాత్రికి రాత్రి వేల పరీక్షలు, డజన్ల కొద్దీ రకాల యంత్రాల మీద నడవవలసిన చోట ఒక్కొక్కదాన్ని 300 సార్లు నడిపే స్తోమత ఎవరికీ ఉండదు. అందుకే ఫెయిల్ కనబడగానే ‘మళ్ళీ ఒకసారి నడిపి చూడండి’ అనే అలవాటు స్థిరపడింది. రెండవసారి పాస్ వస్తే ఊపిరి పీల్చుకుని ముందుకు పోతారు. ఈ పత్రిక చదివేవారిలో ఎందరో ఆ పని చేసి ఉంటారు. తప్పుపట్టడం తేలికే, గడువు ముందు నిలబడినవారి కష్టం వారిది. అయినా ఇది ఏప్రిల్ 7న యంత్రాన్ని తిరిగి పనిలోకి దింపిన తర్కమేనన్న సంగతి కాదనలేం. మళ్ళీ రప్పించలేకపోయాం కనుక లేదు.

నమోదు చేసి తిరిగి చూడటం

ఈ తర్కానికి లొంగని మరొక దారి 1987లోనే కనిపించింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో లెబ్లాంక్, మెలర్-క్రమీ అనే ఇద్దరు, ఏకకాలంలో నడిచే పనులు ఉమ్మడి వస్తువులను ఏ వరుసలో తాకాయో ఆ వరుసను మాత్రం నమోదు చేసుకుంటే, జరిగినదాన్ని జరిగినట్టే తిరిగి నడిపించవచ్చునని చూపారు. మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ గుండె లయను రోజంతా నమోదు చేసే పరికరాన్ని రూపొందించినది కూడా ఇదే అవసరం వల్ల. గుండెదడ వైద్యుడి బల్ల మీద పడుకున్నప్పుడు రాదు, బజారులో నడుస్తున్నప్పుడు వస్తుంది. వైద్యుడు రోగి వెంట బజారుకు పోలేడు, నమోదు పోగలదు.

మొజిల్లా సంస్థ 2014లో విడుదల చేసిన ‘ఆర్ఆర్’ ఈ ఆలోచనను నిత్యజీవితంలోకి తెచ్చింది. ప్రోగ్రాము నడకను ఒకసారి నమోదు చేస్తే, దాన్ని ఎన్నిసార్లైనా అచ్చుగుద్దినట్టు తిరిగి నడిపి, ముందుకూ వెనుకకూ వెళ్ళి వెదుక్కోవచ్చు. నూటికి ఒకసారి వచ్చే ఫెయిల్‌ను నమోదులో ఒక్కసారి పట్టగలిగితే ఇక అది పారిపోలేదు. అయితే ఈ సౌకర్యానికి చెల్లించిన మూల్యం ఉంది. ఆర్ఆర్ థ్రెడ్లన్నిటినీ ఒకే ప్రాసెసర్ కోర్ మీద వంతులవారీగా నడిపిస్తుంది. నిజంగా రెండు కోర్ల మీద ఒకేసారి నడిచినప్పుడు మాత్రమే పుట్టే దోషాలు దాని ముందు పుట్టకపోవచ్చు. ప్రోబ్ ఎఫెక్ట్ మరొక వేషంలో తిరిగి వచ్చింది. దానికి విరుగుడుగా తర్వాత ‘కేయాస్’ పద్ధతి చేర్చారు. థ్రెడ్లకు వంతులను కావాలని అస్తవ్యస్తంగా పంచి, ఎవరో ఒకరిని అకారణంగా ఆకలితో మాడ్చి, దాగిన దోషాలను రెచ్చగొట్టడం. ఆపరేటర్ వేళ్ళ వేగాన్ని యంత్రమే అనుకరించినట్టు. ఇంతకు ముందే, 2008 నాటికి, మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయంలో మదన్‌లాల్ ముసువతి, షాజ్ ఖదీర్ బృందం ‘చెస్’ అనే సాధనంతో వేరొక మార్గం తొక్కింది. వంతుల పంపకాన్ని యాదృచ్ఛికానికి వదలక, సాధ్యమైన వరుసలను ఒక క్రమంలో నడిపి చూడటం దాని పద్ధతి. వరుసల సంఖ్య త్వరలోనే ఊహకందనంత పెరుగుతుంది కనుక, థ్రెడ్డును మధ్యలో ఆపి మరొకదానికి వంతు ఇవ్వడం ఒకటి రెండు సార్లకు మించకుండా కట్టడి చేసింది. చాలా దోషాలు ఆ ఒకటి రెండు మలుపుల్లోనే దొరకడం విశేషం.

ఈ సాధనాలకూ పరీక్షలున్నాయి, ఆ పరీక్షలూ అప్పుడప్పుడు తప్పుతుంటాయి.

టైలర్ దోషం తెలిశాక థెరాక్-25కు దిద్దుబాట్లు మొదలయ్యాయి. అవి పూర్తికాకముందే, 1987 జనవరి 17న, వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో మరొక రోగి అధిక మోతాదుకు గురయ్యాడు. ఈసారి కారణం వేరు. యంత్రభాగాలు సరైన స్థితిలో ఉన్నాయో లేదో చూడాలా అక్కరలేదా అన్నది ఒక గుర్తు మీద ఆధారపడేది. ఆ గుర్తు సున్నా కాకపోతే చూడాలి, సున్నా అయితే అక్కరలేదు. సున్నా కాకుండా ఉంచడానికి ప్రోగ్రాము తిరిగిన ప్రతిసారీ దానికి ఒకటి కలుపుతూ పోయేవారు. దానికి కేటాయించిన చోటు ఒక్క బైటు. కనుక ప్రతి 256వ సారి అది నిండి, తిరిగి సున్నా అయ్యేది. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటర్ మీట నొక్కితే యంత్రం ఏదీ సరిచూసుకోకుండా కిరణాన్ని వదిలేది. మీటను వేర్వేరు క్షణాల్లో 100 సార్లు నొక్కి చూసిన పరీక్షకుడికి కూడా, ఆ దోషం ఒక్కసారైనా ఎదురుపడకుండా పోయే అవకాశం సుమారు 68 శాతం. ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆ యంత్రాలను వాడకం నుంచి ఆపమని సూచించింది. యాకిమా దోషానికి చేసిన దిద్దుబాటు చాలా చిన్నది. ఒకటి కలపడం మాని, ప్రతిసారీ ఆ గుర్తులో సున్నా కాని ఒక స్థిరసంఖ్యను ఉంచారు.